ఆరాధనలో పాటల మీద గొడవ: ముందు దేన్ని సరిచేయాలి?

పుత్తూరు_క్వయర్

అందరికీ వందనాలు. తిరుపతి, పుత్తూరు, నగరి పక్క చాలా సంఘాల్లో ఒకటే గొడవ నడుస్తా ఉంది. పాత తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం చాలు అంటారు పెద్దలు. కీబోర్డు, ప్యాడ్లు (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు), తెర మీద కొత్త పాటలు కావాలంటారు యవనస్థులు. ఈ మధ్య మూడో మాట కూడా గట్టిగా వినబడుతోంది: "పాటల మీద కొట్లాట మానండి, సువార్త మీద దృష్టి పెట్టండి" అని. అందరూ ఆమేన్ అంటారు. వచ్చే శనివారం ప్రాక్టీసుకు మళ్లీ అదే గొడవ. ఎందుకంటే ఆదివారం పొద్దున ఎవరో ఒకరు ఏదో ఒక పాట ఎత్తుకోక తప్పదు, ఏదో ఒక శ్రుతిలో ఎత్తుకోక తప్పదు.

కాబట్టి పని తెలిసినవాళ్లు పనికొచ్చే సంగతులు చెప్పండి. లెక్క కోసం ఇలా అనుకుందాం: నూట ఇరవై మంది పట్టే రేకుల మందిరం, రెండు గంటల ఆరాధన, పాడేవాళ్లు ఆరుగురు, ఒక కీబోర్డు, ఒక ప్యాడ్, ఒక ఢోలక్. సంఘాల పేర్లు, అయ్యగార్ల పేర్లు మాత్రం ఎవరూ ఎత్తొద్దు.

వాక్యమే_దీపం

వందనాలు బ్రదర్. మొదట గడియారం చూడండి. ఎనిమిదిన్నరకు మొదలై పదిన్నరకు ముగిసే ఆరాధనలో నిమిషాలు ఎటు పోతున్నాయో నాలుగు వారాలు కాగితం మీద రాయండి. మామూలుగా తేలేది ఇది: స్తుతి పాటలు 40, సాక్ష్యాలు 15, ప్రకటనలు 12, పుట్టినరోజులు, పెళ్లిరోజులు, వాటి ప్రార్థనలు 15, ప్రత్యేక పాటలు 10, కానుకల పాట 6. అప్పటికే 98 నిమిషాలు. మిగిలిన 22 నిమిషాల్లోనే లేఖన పఠనం, ప్రార్థన, వాక్యం (ప్రసంగం), ఆశీర్వాదం. ఇంకెక్కడుంది సువార్త?

1 కొరింథీ 15:3, 4 లో పౌలు సువార్త అంటే ఏమిటో తేల్చి చెప్పాడు. క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు, ఇదంతా లేఖనాల ప్రకారమే జరిగింది. ఆదివారం ఆరాధనకు కొత్తగా వచ్చిన మనిషి ఈ మూడు సంగతులూ వినకుండా ఇంటికి పోయాడంటే, ఆ పూట ఎంత చక్కగా వాయించినా అసలు పని జరగలేదు. ఆమోసు 5:23 కూడా చదవండి. మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండి అని దేవుడే అన్న సందర్భం అది. నా మట్టుకు వాయిద్యాలన్నీ పక్కన పెట్టి మూడు పాటలు నోటితో పాడి వాక్యంలోకి పోవడమే మంచిది.

శ్రుతి_తాళం

అన్నా, గడియారం సంగతి ఒప్పుకుంటా. కానీ పాట ఒక వైపు, సువార్త ఇంకో వైపు అన్నట్టు విడదీయడం దగ్గరే తప్పు మొదలవుతుంది. కొలస్సీ 3:16 తీయండి. క్రీస్తు వాక్యం మీలో సమృద్ధిగా నివసించాలంటాడు, ఆ వాక్యంలోనే సంగీతములు, కీర్తనలు, ఆత్మసంబంధమైన పద్యములతో ఒకనికొకడు బోధించుకోమంటాడు. అంటే పాట కూడా బోధే. చదువురాని అవ్వకు ఆదివారం వాక్యంలో మంగళవారానికి రెండు మాటలు గుర్తుంటాయేమో గానీ పల్లవి మాత్రం నెలల తరబడి నోట్లో ఆడుతుంది. ఆ పల్లవిలో క్రీస్తు లేకపోతే ఆమెకు వారమంతా ఆ లేని బోధే అందుతుంది. అందుకే పాటలు తగ్గించడం కన్నా పాటల్లో ఏముందో చూడటం ముఖ్యం.

ఇక రెండోది. గొడవల్లో ఎవరూ మాట్లాడనిదీ, నా లెక్కలో సగం గొడవకు కారణమైనదీ ఒకటుంది. శ్రుతి.

ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి పాడే సంఘంలో వరస ఎక్కువలో ఎక్కువ కీబోర్డు మీద పై 'డి' దాకా ఎక్కవచ్చు, 'ఏ' వరకు దిగవచ్చు. మగవాళ్లు సహజంగా ఒక స్థాయి కింద పాడుకుంటారు. అంతకు మించితే జనం నోరు మూసుకుంటారు. కొత్త పాటల్ని స్టూడియోలో తర్ఫీదు ఉన్న గొంతు కోసం కట్టుంటారు. ఆ ట్రాక్ ఏ స్కేల్లో ఉంటే ఆ స్కేల్లోనే కీబోర్డు బ్రదర్ నేర్చుకుంటాడు, ఆదివారం అదే వాయిస్తాడు. పల్లవి దాకా జనం లాక్కొస్తారు. చరణంలో పైకి పోగానే వేదిక మీద ఆరుగురే మిగులుతారు. అప్పుడు పెద్దలు "ఈ కొత్త పాటలు ఎవరికీ రావు" అంటారు, పిల్లలు "ముసలోళ్లు కావాలనే పాడరు" అంటారు. ఇద్దరిదీ పొరపాటే, స్కేలు ఎక్కువైంది, అంతే.

పాట వరస ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పోతుందో ముందు చూడండి. మధ్య షడ్జమం (స) నుంచి పై షడ్జమం దాకా నడిచే పాటకు ఒకటి లేదా రెండు శ్రుతి, అంటే సి గానీ డి గానీ. పై గాంధారం (గ) తగిలే పాటైతే ఆరు శ్రుతికి, అంటే కింది ఏ కి దించాలి. కింది పంచమం (ప) నుంచి మధ్య పంచమం దాకానే తిరిగే పాటకు నాలుగు, ఐదు కూడా ఇబ్బంది లేదు, ఎఫ్ లేదా జి. ప్రతి పాట కాగితం మీద మూలన ఈ అంకె రాసి పెట్టండి. ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే) బటన్ నొక్కేవాళ్లు పాట కాగానే సున్నాకు తేవాలి. అది మరచిపోతే తర్వాతి పాట అనుకున్న శ్రుతిలో కాకుండా ఇంకో శ్రుతిలో మొదలవుతుంది.

రేణిగుంట_సౌండ్

శ్రుతి బ్రదర్ చెప్పినదానికి సౌండు సంగతి కలుపుతా. రేకుల మందిరంలో శబ్దం పైన రేకుకు, పక్క గోడకు తగిలి తిరిగొస్తుంది. నూట ఇరవై మందికి పన్నెండంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు చాలు, జనం తలల కన్నా ఎత్తులో, కొంచెం కిందికి వంచి పెట్టాలి. ఈ కొలతకు పదిహేనంగుళాలవి నాలుగు, కింద బేస్ బాక్సులు రెండు పెడితే ఇక పాట వినబడదు, మోత వినబడుతుంది. మధ్య వరసలో నిలబడి ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ చూడండి. పాటలప్పుడు 75 నుంచి 80 డెసిబెల్స్ మధ్య ఉంటే పక్కవాడి గొంతు మనకు వినపడుతుంది. 90 దాటితే వినపడదు. తన గొంతు తనకు, పక్కవాడి గొంతు తనకు వినపడనప్పుడు మనిషి పాడటం మానేసి చూస్తూ నిలబడతాడు. సంఘం ప్రేక్షకులైపోతోందని అయ్యగార్లు బాధపడేది దీని గురించే.

ఒక పరీక్ష. బాగా తెలిసిన పాట మూడో చరణంలో మిక్సర్ మాస్టర్ (స్పీకర్ల శబ్దం మొత్తాన్ని తగ్గించే మీట) పూర్తిగా కిందికి దించేయండి, ఢోలక్ ఒక్కటి నడవనివ్వండి. పాట నిలబడితే సంఘం పాడుతున్నట్టు. పాట కూలిపోతే అన్నాళ్లూ స్పీకర్లే పాడాయన్నమాట.

ఆరుగురికి ఆరు మైకులు వద్దు. ప్రతి మైకూ ఇంకొన్ని శబ్దాలను లాక్కుంటుంది, కీచుమనే అవకాశం పెరుగుతుంది. పాట నడిపించే మనిషికి ఒకటి, మిగతా ఐదుగురికి రెండు. నోటికి జానెడు దూరం. మైకు తలకాయ చుట్టూ చేత్తో మూసి పట్టుకునే అలవాటు మాన్పించండి. అలా పట్టుకుంటే వెనక నుంచి వచ్చే శబ్దాన్ని ఆపే గుణం పోతుంది, ఎదురుగా ఉన్న మానిటర్ (పాడేవాళ్లకు వినబడేందుకు పెట్టిన స్పీకరు) శబ్దం లోపలికి వచ్చి కూత మొదలవుతుంది. మానిటర్ మైకు వెనక భాగానికి ఎదురుగా ఉండాలి, పక్కన కాదు. గొంతు మైకులన్నిటికీ 100 హెర్ట్జ్ కన్నా లోతైన శబ్దాన్ని కోసేయండి, ఊపిరి గాలి కొట్టిన శబ్దం, స్టాండు తగిలిన దడ పోతాయి.

వాక్యమే_దీపం అన్న అడిగినదానికి నా వైపు నుంచి జవాబు ఇదే. చాలా మందిరాల్లో సువార్త వినబడకపోవడానికి పాటల నిమిషాలు ఒక్కటే కారణం కాదు. పాటల కోసం పెట్టిన ఎకో వాక్యానికి కూడా అలాగే ఉండిపోతుంది. అయ్యగారు "క్రీస్తు" అంటే ఆ వత్తులు, పొల్లులు వెనకొచ్చే ప్రతిధ్వనిలో కలిసిపోతాయి. ముసలివాళ్లకు, చెవి మందం ఉన్నవాళ్లకు మాట ముక్కలుగా అందుతుంది. రేకుల మందిరానికి దేవుడిచ్చిన ఎకో ఎలాగూ ఉంది, మిక్సర్ ఎకో అక్కర్లేదు. పాటలు అయిపోగానే వేదిక మైకులన్నీ మూసేసి, పల్పిట్ మైకు ఒక్కటే తెరిచి, ఎకో సున్నా చేసి, 200 నుంచి 400 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించండి. పది సెకన్ల పని. ఈ పది సెకన్లకు ఒక మనిషి బాధ్యత పేరు పెట్టి అప్పజెప్పకపోతే ఏ వారమూ జరగదు.

మదనపల్లె_అక్క

సండే స్కూల్ పిల్లలకు పాటలు నేర్పేవాళ్ల వైపు నుంచి మాట్లాడతా. పాటలో ఏముందో చూడాలని ఊరకే అంటే సరిపోదు, ఎలా చూడాలో కూడా చెప్పాలి కదా. వరస లేకుండా పాటను కాగితం మీద రాసి, వచనంలా పైకి చదవండి. వాయిద్యం ఉన్నప్పుడు కనబడనివి అప్పుడు కనబడతాయి. చదివాక నాలుగు ప్రశ్నలు: ఎవరు చేశారు, ఏం చేశారు, ఎవరి కోసం, అందువల్ల ఏం మారింది? క్రియాపదాల కింద గీత గీయండి. క్రీస్తు కర్తగా ఉన్నవి ఎన్ని, నేను కర్తగా ఉన్నవి ఎన్ని? "నేను గెలుస్తా, నేను ఎగురుతా, నేను భయపడను" అని పన్నెండు క్రియలుండి, ఆయన చేసిన పని ఒక్కటీ లేకపోతే ఆ పాట ఒంటరిగా నిలబడదు. దానికి ముందో వెనకో ఆయన చేసిన పని చెప్పే పాట ఉండాలి.

అలాగని 'నేను' ఉన్న ప్రతి పాటా తప్పని కొందరు లెక్క గడతారు, అది మాత్రం ఒప్పుకోను. 22వ కీర్తన, 51వ కీర్తన మొత్తం నేను, నన్ను, నాకు అనే మాటలే. ఆ నేను దేవుడి ముందు పగిలిపోయిన నేను. తేడా అక్కడ చూడాలి.

ఇంకో పాడు అలవాటు మన పక్క ఎక్కువ. చిత్తూరు, నగరి, సత్యవేడు పక్క అరవం (తమిళం), తెలుగు రెండూ ఉన్న సంఘాలు కదా. అరవ వరసకు తెలుగు మాటలు వేస్తారు. వరసలో దీర్ఘం ఉన్న చోట తెలుగు మాటలో హ్రస్వం పడితే మాటే మారిపోతుంది. "మరణము" మొదటి అక్షరం సాగదీసి పాడితే "మారణము" అవుతుంది. చావు అనాల్సిన చోట సంహారం అన్నామన్నమాట. "చెర" అంటే బందీఖానా, సాగితే "చేర" అవుతుంది, విడుదల పాట చేరిక పాట అయిపోతుంది. పిల్లలు విన్నదే నేర్చుకుంటారు, అదే రాసుకుంటారు. తెర మీద అక్షరం సరిగ్గా ఉన్నా నోట్లో తప్పే నిలబడుతుంది. కొత్త అనువాదం వచ్చినప్పుడు హ్రస్వాల కింద చుక్క, దీర్ఘాల కింద గీత పెట్టి వరస మీద ఒకసారి నడిపించి చూడండి. పది నిమిషాలు పట్టదు. తేడా వచ్చిన మాటకు సరిపోయే మాట వెతకాలి. "మరణము"కు బదులు "చావు" పెడితే మొదటి అక్షరం ఎలాగూ దీర్ఘమే.

పాత కీర్తనలకు ఇంకో చిక్కు. సంస్కృతం పాలు ఎక్కువ. అర్థం తెలియకుండా పాడితే అది కూడా సువార్త కాదు. పాట మొదలుపెట్టే ముందు రెండు కష్టమైన మాటలకు అర్థం చెప్పండి, రెండు చాలు. ఆరు వారాల్లో పిల్లలకు పది, పన్నెండు మాటలు వచ్చేస్తాయి, ఆ తర్వాత కీర్తన వాళ్లది కూడా అవుతుంది.

పాత_పుస్తకాలు

ఈ గొడవ మనతో మొదలవలేదని తెలిస్తే కొంచెం నెమ్మదిగా మాట్లాడుకుంటాం. 1524లో జర్మనీలో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ వర్గం వాళ్లు ఎనిమిది పాటలతో ఒక చిన్న పుస్తకం వేశారు, జనం తమ భాషలో పాడాలని. అదే కాలంలో జూరిక్‌లో జ్వింగ్లీ అనే ఇంకో సంస్కర్త ఆరాధనలో సంగీతమే వద్దన్నాడు, అక్కడ ఆర్గన్లు ఊడదీశారు. ఆ జ్వింగ్లీ స్వయంగా చాలా వాయిద్యాలు వచ్చినవాడు. జెనీవాలో కాల్విన్ అనే మూడో సంస్కర్త దాదాపు బైబిల్లోని దావీదు కీర్తనలే పాడించాడు, మొత్తం 150 కీర్తనల పుస్తకం 1562లో పూర్తయింది. ముగ్గురూ వాక్యం కోసమే ఈ నిర్ణయాలు తీసుకున్నారు, మూడు రకాలుగా తేల్చారు.

మన దగ్గరికి వస్తే, తెలుగు క్రైస్తవ కీర్తనలకు పెద్ద దిక్కు పురుషోత్తమ చౌదరి గారు, 1803లో పుట్టి 1890లో పోయారు. కర్ణాటక రాగాల్లో, తాళాల్లో కట్టిన కీర్తనలు ఆయనవి. పాశ్చాత్య వరసలకు తెలుగు మాటలు అతికించే పద్ధతి నడుస్తున్న రోజుల్లో ఇవి కొత్త పాటలే. ఇప్పుడు పెద్దలు కాపాడుతున్న పాత పాటలు ఒకప్పుడు కొత్తవి, అదీ తెలుగు చెవికి తగ్గట్టు కావాలని చేసిన కొత్తవి. హార్మోనియం కూడా ఐరోపా నుంచి వచ్చిందే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని వద్దని పక్కన పెట్టింది, మన సంగీతానికి పనికిరాదని. ఈ రోజు హార్మోనియం అంటే సంప్రదాయం, కీబోర్డు అంటే లోకం అంటున్నాం. వాయిద్యం వయసును బట్టి పరిశుద్ధత తేల్చలేం.

వాక్యమే_దీపం

పాత పుస్తకాలు అన్నా, చరిత్ర బాగుంది. కానీ అందులోనే నా మాట కూడా ఉంది చూడండి. ముగ్గురూ వాక్యానికి అడ్డం వచ్చినదాన్ని తీసేయడానికి వెనకాడలేదు. ఎఫెసీ 5:19 లో హృదయాలలో పాడమని ఉంది, వాయించమని నాకు కనపడలేదు. 150వ కీర్తనలో బూర, సితారా, తంబుర ఉన్నాయని అంటారు, అది దేవాలయ ఆరాధన. ఈ విషయంలో నా మనసు మారదు. అయితే రేణిగుంట బ్రదర్ చెప్పిన ఎకో మాట మాత్రం ముందే తట్టాల్సింది. అది నిజం. ఇంకా మదనపల్లె అక్క చెప్పిన నాలుగు ప్రశ్నలు వాయిద్యాలు లేని సంఘాలకు కూడా కావాలి. మా రకం కూటాల్లో నోటితో పాడే పాటల్లోనూ క్రీస్తు పని చెప్పనివి ఉన్నాయి.

పలమనేరు_కాపరి

అయ్యగార్ల బాధ్యత ఎవరూ ముట్టుకోలేదు, నేను ముట్టుకుంటా. పాటలు, వాక్యం రెండు వేరే గదుల్లో తయారవుతాయి. వాక్యభాగం అయ్యగారికి శనివారం రాత్రికి గాని తేలదు, క్వయర్ ఆ పగలే ప్రాక్టీసులో పాటలు నేర్చేసుకుంటుంది. అందుకే ఆదివారం పాట ఒక దారి, వాక్యం ఇంకో దారి. దీనికి క్వయర్‌ను తప్పు పట్టి లాభం లేదు. వాక్యభాగం మంగళవారానికి తేలాలి. భాగం, దాని ముఖ్యమైన మాట ఒక వాక్యంలో రాసి పాట నడిపించేవాళ్లకు పంపాలి. ఉదాహరణకు లూకా 15, తప్పిపోయిన కుమారుడు. మొదట దేవుడి మంచితనం మీద పాట, తర్వాత పాపం ఒప్పుకొనే పాట, వాక్యం, ఆ వెనక తిరిగి వచ్చినవాడి సంతోషం. వాక్యం తర్వాత పాట చాలా సంఘాల్లో కానుకల పళ్లెం తిరిగేందుకు పెట్టుకున్నట్టు ఉంటుంది. నిజానికి అది విన్నదానికి సంఘం ఇచ్చే జవాబు. ఆ స్థానంలో ఎన్నడూ ప్రత్యేక పాట పెట్టొద్దు, అందరూ పాడేదే పెట్టాలి.

పాటల కమిటీ ఎలా ఉండాలో కూడా అడుగుతుంటారు. ఐదుగురు చాలు: కాపరి, ఒక పెద్ద, కీబోర్డు వాయించేవాళ్లు, సండే స్కూల్ టీచరు, క్వయర్‌లో లేని ఒక తల్లి. ఆ ఐదో మనిషి చాలా అవసరం. "ఈ పాట నాకు రాలేదు" అని ధైర్యంగా చెప్పగలిగేది ఆమే. మొదటి మూడు నెలలు శైలి మీద ఓటు వద్దు. కొత్త పాట, పాత పాట అనే మాటలే వాడొద్దు. పాట పట్టికలో 'ఎవరు చేశారు, ఏం చేశారు' అనే అక్క ప్రశ్నలకు జవాబు, శ్రుతి, తాళం, ఈ మూడే రాయాలి.

వారానికి ఐదు పాటలు, పన్నెండు వారాలు అంటే అరవై గడులు. అందులో సిలువ, పునరుత్థానం, పాపపు ఒప్పుకోలు, పరిశుద్ధాత్మ, రెండో రాకడ, దుఃఖ ప్రార్థన ఎన్ని గడుల్లో వచ్చాయో గుర్తు పెట్టండి. చాలా చోట్ల దుఃఖ ప్రార్థన గడి సున్నా. కీర్తనల గ్రంథంలో మాత్రం అలాంటివి కొల్లలు. కొడుకు పోయిన ఇల్లు, పంట ఎండిన ఇల్లు సంఘంలో ఉన్న వారంలో కూడా ఐదు పాటలూ గంతులేసేవే ఉంటే, వాళ్ల నోటికి మనం మాటలు ఇవ్వలేదన్నట్టే. సిలువ పాటలు శుభ శుక్రవారం వారంలోనే కనబడి మిగతా పదకొండు వారాల్లో ఒకటో రెండో ఉంటే, అక్కడ సువార్త తగ్గింది. దాన్ని కీబోర్డు తీసేస్తే నింపలేం, పాట మార్చి నింపాలి.

చిత్తూరు_కోశాధికారి

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు గానీ చివరికి గొడవలు అక్కడే పేలతాయి. సౌండు సామానుకు సువార్త నిధి నుంచి తీయకూడదు, వేరే పద్దు పెట్టాలి, కానుక ఇచ్చేవాళ్లకు అది ముందే తెలియాలి. కొనే వరస కూడా ముఖ్యం. మొదట పల్పిట్ మైకు, తర్వాత స్పీకర్లు, తర్వాత మిక్సర్, ఆఖరున కీబోర్డు, ప్యాడ్లు. అన్ని చోట్లా తలకిందులుగా కొంటారు. మూడు కొటేషన్లు తీసుకుని పెద్దల మీటింగులో చదివి మినిట్స్‌లో రాయండి. కరెంటు ఎగుడుదిగుళ్లకు స్టెబిలైజర్ ధర కూడా అందులోనే కలపాలి, లేకపోతే ఒక్క ఎండాకాలంలో కీబోర్డు అడాప్టరు కాలిపోతుంది.

బయటి నుంచి కూలికి వాయించేవాళ్లను పిలిపించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పాటలు కాగానే వాళ్లు సామాను సర్దుకుని ఇంకో మందిరానికి పోతారు. అంత బాగా వాయించకపోయినా వాక్యానికి కూర్చునే మనిషే మేలని నా అభిప్రాయం. వేదిక మీద పాడినవాళ్లందరూ వాక్యానికి మొదటి వరసలో కూర్చోవాలని రాసి పెట్టుకోవచ్చు. ఇది పెద్దలు, యవనస్థులు ఇద్దరూ ఒప్పుకోగలిగిన నియమం.

ఇంకో రెండు. మందిరంలో ఆరాధనలో భాగంగా ఇతరుల పాట పాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. అదే పాటను వీడియో తీసి నెట్‌లో పెడితే ఆ వెసులుబాటు ఉందనుకుని కూర్చోవద్దు, పాట హక్కుదారుల అనుమతి తీసుకోండి. రెండోది, ఉజ్జీవ కూటాలకు బయట మైకు పెట్టాలంటే పోలీసుల అనుమతి కావాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ నిషేధం, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండవచ్చు. సందులో నిద్రపోయే పసిబిడ్డను లేపిన పాటతో ఆ ఇంటివాళ్లకు మంచి వార్త అందదు. స్పీకరు ముఖం లోపలికి తిప్పండి.

పుత్తూరు_క్వయర్

అందరికీ చాలా వందనాలు. ఒక చిక్కు మిగిలింది. పాత కీర్తనలను కీబోర్డు మీద వాయించినప్పుడు పెద్దలు "వరస పాడుచేశారు" అంటారు. నోటు నోటుకు సరిగ్గానే ఉన్నా అంటారు. శ్రుతి_తాళం బ్రదర్, ఎందుకలా?

శ్రుతి_తాళం

పెద్దల చెవి కరెక్టే. చెడింది స్వరం కాదు, తాళం.

కీర్తనల పుస్తకంలో పాట తలమీద రాగం, తాళం రెండూ వేసి ఉంటాయి, ముందు అది చదవండి. ఆది, ఏక తాళాలైతే కీబోర్డులో ఉన్న నాలుగు దెబ్బల స్టైల్ (దానంతటదే మోగే తాళం) సరిపోతుంది. రూపకానికి మూడు దెబ్బలది గానీ ఆరు దెబ్బలది గానీ నడుస్తుంది. చాపు తాళం దగ్గర ఇబ్బంది. మిశ్రచాపు ఏడు అక్షరాలు, మూడు, నాలుగు: తకిట తకధిమి. కీబోర్డులో ఏడు దెబ్బల స్టైల్ మామూలుగా ఉండదు. అప్పుడు బ్రదర్ నాలుగు దెబ్బలది నొక్కుతాడు, రెండు చుట్లకు ఎనిమిది. ఆ ఎనిమిదో దెబ్బ నింపడానికి జనం మొదటి మాటనో చివరి మాటనో సాగదీయాలి. పెద్దలు ఏడుకే తర్వాతి మాట ఎత్తుకుంటారు, యంత్రం ఎనిమిదికి వస్తుంది, రెండో పాదానికే విడిపోతారు. ఆరు దెబ్బలది నొక్కితే ఇంకో విధంగా చెడుతుంది, ఒక అక్షరం మింగాలి, వత్తు ఉన్న మాట నలిగిపోతుంది.

చాపు కీర్తనకు స్టైల్ ఆపేయండి. కీబోర్డు మీద హార్మోనియం గొంతు పెట్టి వరస, కింద షడ్జమ పంచమాలు మాత్రమే పట్టండి. తాళం ఢోలక్‌కు ఇవ్వండి. వాయించేవాళ్లకు చాపు రాకపోతే మొదట చప్పట్లతో నేర్పండి. తకిట మీద ఒక చప్పట్టు, తకధిమిలో 'త' మీద ఒకటి, 'ధి' మీద ఒకటి. ఏడింటికి మూడు చప్పట్లు, ఒకటో అక్షరం, నాలుగు, ఆరు మీద. నెమ్మదిగా పదిహేను నిమిషాలు చప్పట్లతోనే పల్లవి చదవండి, పాడొద్దు, చదవండి. మాటలే తాళంలో కూర్చుంటాయి, ఎందుకంటే రాసినాయన ఆ ఏడు అక్షరాల్లోనే మాటలు కట్టారు.

వేగం కూడా చూసుకోండి. ప్యాడ్ మీద నిమిషానికి 120 దెబ్బలు పెట్టి కీర్తన లాగిస్తే చరణంలో ఊపిరి తీసుకునే చోటు ఉండదు. అక్షరానికి వత్తులు పలికే టైమివ్వాలి. పెద్దవాళ్లలో ఒకరిని శనివారం ప్రాక్టీసుకు పిలిచి మొదటి చరణం ఆయన్నే ఎత్తుకోమనండి. ఆయన ఎత్తుకున్న వేగం, ఆయన ఊపిరి తీసుకున్న చోట్లు పెన్సిలుతో పాట మీద గుర్తు పెట్టుకోండి. ఆయనకు పుస్తకంలో రాసిన రాగం కాకుండా ఊళ్లో తరతరాలుగా వచ్చిన వరస వచ్చి ఉండవచ్చు. మీ సంఘం నోట్లో ఉన్న వరసే ఉంచండి, పుస్తకం చూపించి మార్చొద్దు.

రేణిగుంట_సౌండ్

ఢోలక్‌కు మైకు పెట్టొద్దు బ్రదర్. ఆ మందిరానికి చేతి దెబ్బే చాలు. ప్యాడ్ వాయించే తమ్ముడిని ఆ పాటకు చప్పట్లు నడిపించమనండి, ఊరకే కూర్చోబెట్టొద్దు.